గొలుసు కుట్టు

డోవీ నుదురు, చెవికీ చెవికీ మధ్య,
మూడడుగుల నాలుగంగుళాలు.
డెబ్భై నాలుగు, ఫిబ్రవరి. పెన్సిల్ రాత.
పక్కనే ఎండిన మరక ఒకటి
బెల్లప్పాకమో, తొండం తడో
ఇప్పుడెవరు చెప్పాలి.

ఓక్లహోమాలో, హ్యూగో ఊరి చివర
చలికాలం సర్కస్ వచ్చి పడుకునే చోట
రేకుల షెడ్డులో నా కుట్టుమిషను.
తీగ మీద నడిచే పిల్లకి జాకెట్టు,
బఫూను లాగుకి మోకాళ్ల దగ్గర మాసికలు
(కొత్త బట్టకే వెయ్యాలి, అదీ తమాషా),
ఏనుగులకి నుదుటి పట్టీలు.
ఊదా మఖమలు, ఎర్రరాళ్లు, అంచున కుచ్చులు.
డోవీ పట్టీని మాత్రం
ఎడమ చెవి వెనక నాలుగంగుళాలు కిందికి దించేదాన్ని.
ఎందుకని ఒక్కరూ అడగలేదు.
అంకుశం పడే చోటు అది.
తళుకులు అతికిస్తే
ఆఖరి వరసకి పుండు కూడా పండగే.

అలాగని నాకు గుర్తున్నదంతా అబద్ధం కాదు.
సూదిలో దారం ఎక్కిస్తుంటే వెనకనించి వచ్చి
మెడ మీద ఊపిరి వదిలేది,
వెచ్చగా, ఎండుగడ్డి వాసన.
టేపు ఒకసారి మింగేసింది.
మూడోనాడు బయటపడితే కడుక్కుని వాడుకున్నాను.

తర్వాత ఊళ్లు ఒక్కొక్కటే వద్దన్నాయి.
గుమ్మం ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్లని
ఆర్విల్ బూతులు తిట్టాడు.
గుడారం మేకులు కొట్టిన చెయ్యి అతనిది.
జనానికి రుచి చచ్చిపోయిందంటాడు,
పిల్లల కళ్లు ఫోన్లు తినేశాయంటాడు.
జామ్ సీసా నిండా పాత బరి రంపపు పొట్టు దాచుకున్నాడు.
మూత తీసి వాసన చూడమంటాడు ఎవరొచ్చినా.
నేనూ చూస్తాను.
ఏ వాసనా రాదు.
వస్తోందనే చెబుతాను.

మొన్న శీతాకాలం మరిసోల్ వచ్చింది.
వాళ్ల అమ్మమ్మ ట్రెపీజు మీంచి దూకినప్పుడు
ఆ చంకల కింద కుట్టు నాదే.
మనవరాలి సర్కస్‌లో ఒక్క జంతువూ లేదు.
కాగితం పరిచింది: గుడ్డ ఏనుగు,
వెదురు పక్కటెముకలు, లోపల ఇద్దరు మనుషులు.
"చర్మం మీరే కుట్టాలి వెల్డా,
గొలుసు కుట్టు వెయ్యండి, సాగుతుంది."
నాకు తెలుసు సాగుతుందని.
వెనక కుడికాలి దగ్గరికొచ్చేసరికి మాత్రం
ఆ కుట్టు పేరే చేతికి అడ్డం పడింది.
అక్కడ ఒక్కచోట ఎదురు కుట్టు వేశాను.

టల్సాలో మొదటి రాత్రి.
బరిలోకి వచ్చింది బూడిదరంగు గుడ్డ,
మూడడుగుల నాలుగంగుళాల నుదురుతో.
ముందు వరసలో ఒక బుడ్డోడు గట్టిగా
"లోపల మనుషులు! బూట్లు కనబడుతున్నాయి!"
అది వెళ్లిపోయేటప్పుడు
బూట్లకి కాదు, ఏనుగుకే చెయ్యి ఊపాడు.

"ఇదొక ఏనుగా?" అన్నాడు పక్కన ఆర్విల్.
సరిగ్గా అప్పుడే అది ముందుకాలు ఎత్తింది.
కుర్చీలో వెనక్కి జరిగాడు.
"పద డోవీ, పద" అన్నాడు గొంతులోనే.
అతని కుడిచెయ్యి
లేని కర్ర చుట్టూ బిగుసుకుంది.
దాన్ని ఒళ్లో పెట్టుకుని
ఆట అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు,
బరిని కాదు, చేతిని.

అందరూ వెళ్లాక తెర వెనక
మరిసోల్ ఏనుగు ఎడమ చెవి ఎత్తి తడిమింది.
"ఇక్కడ బట్ట రెండు పొరలెందుకైంది?
బొమ్మలో నేనిలా గియ్యలేదే.
విప్పేద్దామా?"

కత్తెర నా మెడలోనే వేలాడుతోంది.
కొలతల పుస్తకం తెచ్చి చేతికిచ్చాను.
దీపం కింద ఒక్కో పేజీ తిప్పుతూ వెతికింది.
కాలి చుట్టుకొలత, తోక పొడవు, కుచ్చుల లెక్క,
గజం మఖమలు ధర.
ఆ నాలుగంగుళాలు
ఎక్కడా రాసి లేవు.